పాలీహౌస్ క్యాప్సికానికి నీళ్లు, ఎరువు కొలిచి పెట్టడం: మా అర ఎకరం లెక్క

మేం పాలీహౌస్ వేసిన రెండో ఏడు, మార్చి నెల. మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు, క్యాప్సికం కొసలు వాలిపోయేవి. మా దగ్గర పనిచేసే అమ్మాయి పరుగున వచ్చి, "అక్కా, చెట్లు వాడినయ్, ఇంకో అరగంట నీళ్లు ఇడవనా?" అనేది. ఇడువు అనేదాన్ని. సాయంత్రానికి మొక్కలు కాస్త లేచేవి, మళ్లీ మర్నాడు మధ్యాహ్నానికి అదే కథ. పది రోజులు ఇలా నడిచాక ఒక మొక్కను పీకి చూశాను. వేర్లు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి చేతికొచ్చింది, లోపల దారం లాంటి పుల్ల మాత్రం మిగిలింది. మల్చింగ్ షీటు (మట్టి మీద కప్పే ప్లాస్టిక్) కింద మట్టి బురదలా ఉంది, పులిసిన వాసన వేస్తోంది.

నీళ్లు చాలక కాదు, ఎక్కువై మొక్కలు వాడిపోయాయి. వేరుకు గాలి ఆడకపోతే అది కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, ఎండ రాగానే ఆకు వాలిపోతుంది. ఆ పంటలో ఏడెనిమిది వందల మొక్కలు పోయాయి. పోయిన ఎరువుకైతే లెక్కే లేదు. నత్రజని నీళ్లతోపాటే కిందికి దిగుతుంది. వేరు దాటి నీళ్లు పోతున్నాయంటే, మనం డబ్బులు పోసి కొన్న ఎరువు కూడా దాని వెంటే పోతున్నట్టు. అందుకే నీళ్ల పొదుపు, ఎరువు పొదుపు అని నేను రెండుగా చూడను.

మాది చేవెళ్ల దగ్గర ఊరు. ఎర్ర చెలక నేల. పాలీహౌస్ 40 మీటర్ల వెడల్పు, 52 మీటర్ల పొడవు. లోపల 24 బెడ్లు (ఎత్తు చేసిన మట్టి వరసలు), ఒక్కోటి 48 మీటర్లు. బెడ్డుకు రెండు లేటరల్స్, అంటే బెడ్డు పొడవునా పరిచే సన్న పైపులు. వాటి మీద 30 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పర్ (నీళ్లు చుక్కలుగా వదిలేది), గంటకు 2 లీటర్లు ఇచ్చేది. మొక్కలు సుమారు 5,100. ఈ కొలతలు ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసే నిమిషాలూ కిలోలూ అన్నీ వీటికే సరిపోతాయి. మీ లెక్క మీరు వేసుకోవాలి, ఎలా వేయాలో చెబుతాను.

ముందు గ్లాసులు పెట్టండి

ఏ పరికరమూ కొనక ముందు చేయాల్సిన పని ఇది. ఇంట్లోంచి 16 గ్లాసులు తీసుకోండి. ఒక కొలత జగ్గు, ఫోన్లో టైమర్ ఉంటే చాలు. ఒక వాల్వు కింద ఉన్న బెడ్లలో నాలుగు లేటరల్స్ ఎంచుకోండి: వాల్వుకు దగ్గరిది, చివరిది, మధ్యలో రెండు. ఒక్కో లేటరల్ మీద మొదట్లో, మూడో వంతు దగ్గర, మూడింట రెండు వంతుల దగ్గర, తోక దగ్గర డ్రిప్పర్ కింద చిన్న గుంట తీసి గ్లాసు పెట్టండి. నీటి చుక్క గ్లాసులో పడకుండా పైపు వెంట జారిపోతుంటుంది. డ్రిప్పర్‌కు రెండు పక్కలా ఒక్కో దారం ముక్క కట్టి కొసలు గ్లాసులోకి వదిలితే జారిపోకుండా అందులోనే పడుతుంది.

సరిగ్గా 6 నిమిషాలు. 2 లీటర్ల డ్రిప్పర్ 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి.

మేం మొదటిసారి కొలిచినప్పుడు వాల్వు దగ్గర 210 వచ్చింది, చివరి బెడ్డు తోకలో 118. మొత్తం 16 గ్లాసుల సగటు 176. అన్నింటికంటే తక్కువ వచ్చిన నాలుగింటి సగటు 126. తక్కువ నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగిస్తే 72 శాతం. 90 దాటితే డ్రిప్ బాగున్నట్టు, 80 కంటే తగ్గితే పని ఉన్నట్టు. ఇందులో అసలు నష్టం ఎక్కడుందో చూడండి. తోకలో మొక్కలు ఎండుతున్నాయని మేం మోటారు ఎక్కువసేపు నడిపేవాళ్లం. అంటే ఆ కొన్ని మొక్కల కోసం మిగతా పాలీహౌస్ అంతటికీ నూటికి నలభై వంతులు ఎక్కువ నీళ్లు, ఎక్కువ ఎరువు పోసేవాళ్లం.

బాగు చేసుకోవడానికి ఒక వరస ఉంది. మొదట లేటరల్స్ చివర ఉండే మూతలు (ఎండ్ క్యాపులు) తీసి, నాలుగైదు పైపుల చొప్పున నీళ్లు వదలండి. ముందు ఎర్రగా వస్తుంది, తేటగా అయ్యేదాకా ఆగండి. తర్వాత ఫిల్టర్. ముందూ వెనకా ఉన్న రెండు ప్రెషర్ గేజీల మధ్య తేడా చూడండి. అర కిలో దగ్గరికి వచ్చిందంటే ఫిల్టర్ కడగాల్సిందే. అప్పటికీ గ్లాసుల్లో తేడా పోకపోతే లోపల సున్నం పేరుకుందని అర్థం. బోరు నీళ్లు మరిగించిన గిన్నె అడుగున తెల్లగా పట్టేది, డ్రిప్పర్ సందులోనూ అదే పడుతుంది.

సున్నానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడతాం, అదీ పంట తీసేశాక, కొత్త పంట వేయక ముందు. పది లీటర్ల బకెట్ నీళ్లలో కొంచెం కొంచెంగా యాసిడ్ పోస్తూ పీహెచ్ పట్టీతో చూడండి, 2 నుంచి 3 మధ్యకు రావడానికి ఎంత పట్టిందో రాసుకోండి. అదే పాళ్లలో లైనులోకి పంపి, చివరి డ్రిప్పర్ దాకా చేరాక మోటారు ఆపి, ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఎండ్ క్యాపులు తీసి పావుగంట కడగండి. ఎప్పుడూ నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నాచు కోసం బ్లీచింగ్ వాడేవాళ్లు ఉంటారు, ఆ రెండూ ఒకే రోజు, ఒకే లైనులో కలవనివ్వకండి. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణానికే ప్రమాదం.

ఇవన్నీ చేశాక మళ్లీ గ్లాసులు పెడితే సగటు 196, తక్కువ నాలుగింటి సగటు 182 వచ్చింది. అంటే 93 శాతం. పైపు ఒక్కటి కూడా మార్చలేదు. ఇప్పుడు నెలకోసారి కొలుస్తాం.

నిమిషాలు కాదు, ముందు లీటర్లు

"రోజుకు ఎంతసేపు పెడుతున్నరు?" అని మా దగ్గరికి వచ్చే రైతులు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. నా పైపుల్లో 20 నిమిషాలు మీ పైపుల్లో ఎన్ని లీటర్లో నాకు తెలియదు. అందుకే లీటర్లలో మాట్లాడుకుందాం.

మా దగ్గర ఒక వాల్వు కింద 12 బెడ్లు, అంటే 3,840 డ్రిప్పర్లు. గంటకు 7,680 లీటర్లు, నిమిషానికి 128. వాల్వులు రెండు. పాత రోజుల్లో ఒక్కో వాల్వు గంట నడిపేవాళ్లం, అంటే రోజుకు 15,000 లీటర్లు దాటేది.

మొక్కకు నిజంగా కావాల్సింది చదరపు మీటరు లెక్కన చూస్తే తేలిక. చదరపు మీటరుకు ఒక లీటరు అంటే ఒక మిల్లీమీటరు వాన కురిసినట్టు. నాటిన మొదటి మూడు వారాలు మాకు చదరపు మీటరుకు లీటరు లోపే సరిపోతుంది, అంటే రోజుకు 1,800 లీటర్లు, వాల్వుకు 7 నిమిషాలు. డిసెంబరులో కాయ మీద ఉన్నప్పుడు 2 నుంచి 2.5 లీటర్లు, వాల్వుకు 16 నుంచి 20 నిమిషాలు. మార్చి చివర, ఏప్రిల్‌లో నిండు పంట మీద 3.5 నుంచి 4 లీటర్లు, వాల్వుకు 28 నుంచి 32 నిమిషాలు. మబ్బు పట్టిన రోజు సగం పెడతాను. రెండు రోజులు ముసురు పట్టి ఎండే లేకపోతే ఒక రోజు అసలు పెట్టను.

ఈ మొత్తాన్ని ఎన్ని సార్లుగా పెట్టాలన్నది నేలను బట్టి. మా చెలకలో నీళ్లు తొందరగా దిగిపోతాయి కాబట్టి ఎండాకాలం పొద్దున ఎనిమిదికి, పదకొండుకు, ఒంటిగంటన్నరకు మూడు వాయిదాలు. రేగడి నేలలోనైతే ఒకసారి పెడితే చాలు, మూడుసార్లు పెడితే గాలి ఆడదు. మధ్యాహ్నం మూడు గంటలు దాటాక నేను మోటారు వేయను. రాత్రంతా బెడ్డు తడిగా, లోపల తేమగా ఉంటే తెల్లారేసరికి తెగులు తయారు. అలాగని వాయిదాలు మరీ చిన్నవి చేయకండి. మా పైపులు నిండటానికే ఒకటిన్నర నిమిషం పడుతుంది. మూడు నిమిషాలు పెట్టి ఆపేస్తే మొదటి మొక్కలు తాగుతాయి, చివరివి నోరు తెరుచుకుని ఉంటాయి. ఏడు నిమిషాలకు తక్కువ నేను ఎప్పుడూ పెట్టను.

మా మామ జీవితమంతా వరి పెట్టిన మనిషి. మొదట్లో ఈ లెక్కలు ఆయనకు నచ్చలేదు. "మడి నిండకుంటే నీళ్లు పెట్టినట్టెట్లయితది బిడ్డా?" అనేవాడు. ఆయనకు నేను మాటలతో చెప్పలేకపోయాను. టెన్షియోమీటర్ చూపించాక నమ్మాడు.

నేల లోపల ఏముందో చూడటం

టెన్షియోమీటర్ అంటే నీళ్లు నింపిన గొట్టం, కింద మట్టి కప్పు, పైన గేజీ. నేల ఆరితే ఆ కప్పులోంచి నీటిని లాగుతుంది, ముల్లు పైకి పోతుంది. నేల తడిగా ఉంటే ముల్లు సున్నా వైపు ఉంటుంది. వేరు ఎంత కష్టపడి నీళ్లు లాగుతోందో అది చెబుతుందన్నమాట.

రెండు కొనండి, ఒకటి చాలదు. ఒకటి 15 సెంటీమీటర్ల లోతున, ఇంకోటి 30 సెంటీమీటర్ల లోతున, డ్రిప్పర్‌కు జానెడు లోపు దూరంలో, మధ్య బెడ్డులో బాగా పెరిగే మొక్కల దగ్గర పెట్టండి. పెట్టే ముందు కప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి, లేకపోతే బుడగలు వచ్చి ముల్లు అబద్ధం చెబుతుంది. గుంతలో మట్టిని పల్చటి బురద చేసి పోసి అందులో దించితే కప్పుకూ మట్టికీ మధ్య సందు ఉండదు.

మా చెలకలో పై మీటరు 15 నుంచి 20 సెంటీబార్ల మధ్యకు వచ్చినప్పుడు నీళ్లు పెడతాను. 10 లోపు ఉంటే మోటారు జోలికి పోను. కింది మీటరు మీద ఇంకా ఎక్కువ కన్ను వేసి ఉంచుతాను. నీళ్లు పెట్టిన ప్రతిసారీ అది దబ్బున సున్నా దగ్గరికి పడిపోతుంటే, వేరు దాటి నీళ్లు పోతున్నట్టే. అప్పుడు వాయిదాకు రెండు నిమిషాలు తగ్గించి, మూడు రోజులు చూసి, ఇంకా పడుతుంటే మరో రెండు తగ్గిస్తాను. ఇలాగే గంట నుంచి అరగంట దగ్గరికి వచ్చాం, ఒక్కసారిగా కాదు. ఇప్పుడు పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని మా మామే లోపలికి పోయి వస్తాడు. "ఇయ్యాల తొమ్మిదే ఉన్నది, మోటర్ ఎయ్యకు" అని చెప్పి కూర్చుంటాడు.

మీటరు లేకపోతే చెయ్యి ఉంది. షీటు రంధ్రంలోంచి జానెడు లోతు మట్టి తీసి పిడికిలి బిగించండి. ఉండ కట్టి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు వస్తే ఎక్కువైనట్టు, ఉండే కట్టకపోతే తక్కువైనట్టు.

ఎరువు: ఎంత అన్నది సగం, ఎప్పుడు అన్నది సగం

మొదటి తప్పు అందరూ చేసేదే, నేనూ చేశాను. కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ రెండూ ఒకే డ్రమ్ములో కలిపాను, ఒక పని తగ్గుతుందని. కాసేపటికి డ్రమ్ము అడుగున సున్నం ముద్దలా తెల్లటి మడ్డి దిగింది. అది జిప్సం. కాల్షియం, సల్ఫేట్ కలిస్తే అదే అవుతుంది, నీళ్లలో మళ్లీ అంత తేలిగ్గా కరగదు. మొక్కకు ఏదీ అందదు, పైగా డ్రిప్పర్లు మూసుకుపోతాయి. కాల్షియంతో 12:61:0 కలిపినా, 0:52:34 కలిపినా ఇదే గతి (ఈ అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు). కాల్షియం నైట్రేట్‌కు ఒక రోజు, మిగతా వాటికి ఇంకో రోజు. ఇది గట్టిగా పట్టుకోండి.

ఏ కొత్త ఎరువైనా వేసే ముందు సీసా పరీక్ష చేయండి. మీ నీళ్లే ఒక గాజు సీసాలో పోసి, లైనులో వెళ్లే పాళ్లలో ఎరువు కలిపి, రెండు గంటలు కదపకుండా పెట్టండి. మబ్బు పట్టినట్టు అయినా, అడుగున పొడి దిగినా అది మీ నీళ్లకు సరిపడదు. కరిగించడం కూడా తొందరపడకండి. కిలోకు పది లీటర్లు తక్కువ కాకుండా పోయండి. 13:0:45 కలుపుతుంటే బకెట్ చల్లగా అయిపోతుంది, చలికాలం పొద్దున అయితే పలుకులు పలుకులుగా మిగిలిపోతుంది. ఎండకు కాసేపు పెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి వాడండి.

ఇప్పుడు సమయం సంగతి. ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పు, ఎరువు ఎంతుందో చూపేది) పట్టుకుని లేటరల్ తోక దగ్గర కూర్చున్నాను, వెంచురీ (బకెట్‌లోని ఎరువు నీళ్లను లైనులోకి లాగేది) తెరవమని మా ఆయనకు ఫోన్లో చెప్పాను. వాల్వు దగ్గర వెంటనే ఈసీ పెరిగింది. తోక దగ్గర పెరగడానికి దాదాపు 8 నిమిషాలు పట్టింది. పైపులో నీళ్లు డ్రిప్పర్ డ్రిప్పర్‌కూ పంచుకుంటూ పోయేసరికి తోకలో నడక బాగా నెమ్మదిస్తుంది. అంటే ఎరువు అయిపోగానే మోటారు ఆపేసిన రోజుల్లో మా చివరి మొక్కలకు సరిగ్గా తిండే అందలేదు, పైపులో మిగిలిన ఎరువేమో నాచుకు మేత అయింది.

అందుకని మా పద్ధతి ఇలా ఉంటుంది. మొదట 4 నిమిషాలు ఉత్త నీళ్లు, తర్వాత 10 నిమిషాలు ఎరువు, చివర 8 నిమిషాలు మళ్లీ ఉత్త నీళ్లు. ఎరువు ఇచ్చే వాయిదాను ముక్కలు చేయం, 22 నిమిషాలూ ఒకేసారి. ఎండాకాలం ఇంకా కావాల్సిన నీళ్లుంటే మధ్యాహ్నం విడిగా పెడతాం. వెంచురీ లాగే వేగం రోజూ ఒకేలా ఉండదు, ముందూ వెనకా ప్రెషర్ తేడా ఉంటేనే లాగుతుంది. పది నిమిషాల్లో బకెట్ ఖాళీ అయ్యేలా వాల్వు తిప్పి, ఆ చోట పెయింటుతో గీత పెట్టుకున్నాం.

నాటిన మూడు వారాలు దాటాక మొదలుపెట్టి, మొదట తక్కువతో, కాయ మీదికి వచ్చాక వారానికి నాలుగు రోజులు ఇస్తాను. రోజుకు మొత్తం అర ఎకరానికి 2 కిలోలు, రెండు వాల్వులకు చెరి కిలో. రెండు రోజులు కాల్షియం నైట్రేట్, మిగతా రెండు రోజులు 13:0:45 ఎక్కువగా, కొంచెం 19:19:19. మెగ్నీషియం పది రోజులకోసారి, అదీ కాల్షియం లేని రోజు. ఎరువు నడుస్తున్నప్పుడు డ్రిప్పర్ కింద పట్టిన నీళ్ల ఈసీ 1.6 నుంచి 1.8 మధ్య ఉండాలి, 2 దాటితే తగ్గిస్తాను. మునుపు వారానికి పన్నెండు, పదమూడు కిలోలు పోసేదాన్ని, ఇప్పుడు ఎనిమిది. బేసల్‌గా, అంటే నాటే ముందే నేలలో, పశువుల ఎరువు, భూసార పరీక్షను బట్టి మిగతావి వేస్తాం కాబట్టి ఇది సరిపోతోంది. మీరూ పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టండి.

కాయ కొస నల్లబడి కుళ్లితే కాల్షియం లేదని డబ్బా మీద డబ్బా కొంటారు. చాలాసార్లు నేలలో కాల్షియం ఉంటుంది. ఒక రోజు ఎండబెట్టి, ఒక రోజు ముంచెత్తడం వల్ల అది కాయ దాకా చేరదు. నీళ్లు ఒక తీరుగా పెడుతూ రెండు వారాలు చూడండి, తర్వాత కొనండి.

పైకప్పు మీది వాన

పాలీహౌస్‌లో వాన పడదు. బయటి పొలంలో ఉప్పును వాన కడిగేస్తుంది, లోపల అది పంట పంటకూ పేరుకుంటుంది. బెడ్డు అంచున తెల్లటి పొర కనిపిస్తే అదే. క్యాప్సికం ఉప్పును బొత్తిగా ఓర్చుకోదు. నేల ఈసీ 1.5 దాటాక ఒక్కో పాయింటుకు దాదాపు 14 శాతం దిగుబడి పడిపోతుంది. టమాటా, కీరకు ఆ హద్దు 2.5, కాబట్టి వాటికి కొంచెం వెసులుబాటు ఉంది. మా బోరు ఈసీ 1.4. క్యాప్సికానికి నీళ్లలో ఒకటి లోపు ఉంటే మంచిది.

మా ఇబ్బందిని తీర్చింది కప్పు మీద పడే వానే. 2,080 చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు పడితే 2,080 లీటర్లు. మా వైపు ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే 16 లక్షల లీటర్ల పైమాటే. పొర్లిపోయేది పోగా సగం పట్టినా ఎంతో. గట్టర్ నుంచి పైపు వేసి, 20 మీటర్లకు 20 మీటర్లు, 3 మీటర్ల లోతు గుంట తీయించి, 500 మైక్రాన్ల షీటు పరిచాం. గట్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పట్టేది 7 లక్షల లీటర్లు. పైన షేడ్‌నెట్ కట్టాం, ఆవిరీ తగ్గింది, నాచూ తగ్గింది. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేస్తాం, కప్పు మీది దుమ్మంతా అందులోనే ఉంటుంది.

బోరు నీళ్లు సగం, వాన నీళ్లు సగం కలిపితే ఈసీ 0.8 దగ్గరికి వస్తుంది. అందుకే పైన చెప్పిన 2 కిలోల ఎరువు కలిపినా ఈసీ 1.8 దాటదు. ఏప్రిల్‌లో గుంట అడుగంటి ఉత్త బోరు నీళ్లే మిగిలితే ఎరువు సగానికి తగ్గిస్తాను, నీళ్లలోనే అంత ఉప్పు ఉంది కాబట్టి.

మల్చింగ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 30 మైక్రాన్ల షీటు, వెండి రంగు పైకి, నలుపు కిందికి. ఆవిరి తగ్గుతుంది, కలుపు రాదు. ఫాగర్లను (మంచులా నీళ్లు చిమ్మి చల్లబరిచేవి) నమ్ముకుని ఎండాకాలం నడపకండి, నీళ్లు తాగేస్తాయి. 50 శాతం షేడ్‌నెట్ ఆ పని తక్కువలో చేస్తుంది.

చివరిది, పంట తీసేశాక షీటు ఎత్తి, కొత్త బెడ్డు చేయక ముందు ఒక్కసారి మాత్రం వాన నీళ్లు ధారాళంగా పెడతాను, వాల్వుకు గంటన్నర చొప్పున రెండు రోజులు. పేరుకున్న ఉప్పు కిందికి దిగాలంటే ఆ నీళ్లు కావాలి. మూడో రోజు బెడ్డు నుంచి మట్టి తీసి ఒకటికి రెండు పాళ్లు వాన నీళ్లలో కలిపి, తేరాక ఈసీ చూస్తాను. 0.5 లోపు వస్తే నారుకు చెబుతాను, రాకపోతే ఇంకో రోజు పెడతాను.